మూడో బహుమతి

నెలాఖరు గురువారం, చాపెల్ వెనకగది.
పొడవాటి బల్లల మీద ఇంకు వాసన పోని
ఆరువందల నలభై ప్రతులు.
మడవాలి. అంతే మా పని.
మిషన్ కొందామని ఏడాదికోసారి ఎవరో అంటారు,
టీ చల్లారేలోపు ఆ మాట మర్చిపోతారు.

పెంట్రెవెర్న్‌లో ఈ నెల విశేషాలు:
బస్ షెల్టర్ గురించి కౌన్సిల్ మూడోసారి చర్చించి
నాలుగోసారి చర్చించాలని తీర్మానించింది.
గాయకబృందానికి ఇద్దరు టెనర్లు కావలెను,
కారున్నవారికి ప్రాధాన్యం.
ఇద్వల్ గారు చనిపోలేదు. పోయిన సంచికలో ఫొటో
ఉల్లికాడల పోటీలో రెండో బహుమతి అందుకున్నప్పటిది.
చుట్టూ నల్లగీత మాత్రం మా పొరపాటు.

ఒక్కొక్కరి మడత ఒక్కో తీరు.
హేల్‌వెన్ గోటితో గీరుతుంది.
మేరిగ్ బొటనవేలితో నొక్కుతాడు,
సమాధిరాళ్ల మీద పేర్లు చెక్కిన వేలది.
నేను అరచేతి మడమతో,
ఇరవయ్యేళ్లు బస్సు బ్రేకు తొక్కిన అలవాటు
కాలి నుంచి చేతికి పాకింది.
నూటపదో ప్రతి దగ్గర ఆగాను.

ఐదో పేజీ. పద్యపఠనం, పదేళ్లలోపు పిల్లలు.
మూడో బహుమతి: సోఫా క్రుషిన్‌స్కా.

సోఫా.

వెల్ష్ అక్షరమాలలో జెడ్ లేదు.
కంప్యూటర్ వెతికి వెతికి
తనకు తెలిసిన సామానులోంచి
దగ్గరగా వినిపించినదాన్ని తెచ్చి అక్కడ వేసింది.
నోరు తిరగని ఇంటిపేరు మాత్రం
ఒక్క అక్షరం పొల్లుపోకుండా పడింది.

ముందు నవ్వాం. నిజం చెప్పాలి కదా, చాలాసేపు నవ్వాం.
టెగ్వెన్ కళ్లజోడు తీసి తుడుచుకుంది.
తర్వాత ఎవరికో ఆ పిల్ల తల్లి గుర్తొచ్చింది.
కోళ్ల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి
జుట్టుకి వల తియ్యకుండానే వచ్చి
వెనక వరసలో గోడకి ఆనుకుని
ఒక్క ముక్క అర్థం కాని పద్యానికి
పిల్లతోపాటు పెదవులు కదిపింది.
వంటింట్లో అన్నిసార్లు విన్నది మరి.

అచ్చుతప్పు అని తేలిగ్గా అనేస్తాం.
అచ్చుకేం తప్పు? చూసి పంపిన కళ్లది.
ఆ కళ్లు నావి.

"వచ్చే నెల సవరణ వేద్దాం," లెక్కలు చూసే ఐఫర్ అన్నాడు.
మేరిగ్ తలెత్తలేదు:
"రాతి మీద తప్పుపోతే రాయంతా అరగదీసేవాణ్ణి.
ఇది కాగితం. పెన్ను చాలు."
హేల్‌వెన్ అంది:
"పెద్ద పేపర్లో తప్పిన పేరు ఎక్కడో ఉంటుంది.
మన పేరు రేప్పొద్దున పాలకోసం వస్తుంది."

ఐదు పెన్నులు దొరికాయి. రెండు రాయవు. ఒకటి ఆకుపచ్చది.
మడిచినవన్నీ విప్పాం.
టెగ్వెన్‌ది గుండ్రటి బడిపంతులమ్మ రాత.
మేరిగ్ అక్షరాలకి కింద పాదాలుంటాయి,
వర్షానికి నిలబడేలా.
నాది గతుకుల రోడ్డు.
పదకొండున్నరకి హీటరు మీటర్లో నాణెం అయిపోయింది,
కోట్లు వేసుకుని రాశాం.
నాలుగువందలు దాటాక
పేరు పేరులా కనిపించడం మానేసింది,
ఒక వంకర, ఒక సున్నా, ఒక కొక్కెం.
అప్పుడందరం ఒకేసారి పైకి చదివాం, జోఫియా,
మళ్లీ మొదలుపెట్టాం.

శుక్రవారం పోస్టాఫీసు కౌంటరు దగ్గర
పిల్ల తన ప్రతి చూసుకుంది. పక్కది తెరిచింది. దాని పక్కది.
"అన్నీ చేత్తో రాశారా?"
అవునన్నాను.
"ఇందులో ఐ మీద చుక్క లేదు," అంది,
ఆకుపచ్చదాన్ని చూపించి.
పెన్ను అడిగి తీసుకుని పెట్టింది.

సోమవారం కౌన్సిల్ చైర్మన్ ఫోను.
మొదటి పేజీలో, బస్ షెల్టర్ వార్త కింద,
ఆయన పేరు తప్పు పడిందట.
ఆరువందల నలభై ప్రతుల్లోనూ.
అయ్యో, చూడలేదండీ, అన్నాను.
అది నిజమే.
వచ్చే నెల సవరణ వేస్తాం.